అవ్వ బిగించిన జడ

మొన్న మా మనవరాలు బ్యూటీ పార్లర్ నుంచి తలనిండా సన్నసన్నని జడలు అల్లించుకుని వచ్చి ఎట్లా ఉన్నాయని అడిగితే, వేలితో దాని కణత మీద నొక్కి చూశాను. అబ్బా అని తల వెనక్కి తీసుకుంది. ఆ నొప్పి నాకు తెలుసు, నా ఈడు ఆడవాళ్ళకు చాలామందికి తెలిసే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేము మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. అవ్వ పొద్దున్నే నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, బొగ్గుధూళి తలలో చొరబడకుండా ఆముదం దట్టించి, రెండు జడలు అల్లి, మడిచి, ఎర్ర రిబ్బన్లు బిగించేసరికి నా కనుబొమలు పైకి లేచిపోయేవి, బళ్ళో ఉన్నంతసేపూ దేనికో ఆశ్చర్యపోతున్నట్టే ఉండేదాన్ని. గుంజి కడితేనే జుట్టు పెరుగుతుందని అవ్వ నమ్మకం. అందుకే నా కణతల దగ్గర జుట్టు ఊడి, రెండు పక్కలా రూపాయి బిళ్ళంత మేర నున్నగా తేలినప్పుడు, బిగువు చాలలేదనుకుని ఇంకా గుంజింది. అవ్వ కణతలూ బోడివే. అది మా ఇంటి ఆడవాళ్ళ నొసటి తీరే అంత అని అందరూ తేల్చేశారు.

పక్క క్వార్టరులో మేము ఉర్దూలో ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒకావిడ ఉండేది, పెళ్ళికూతుళ్ళకు పూలజడలు వేయడంలో పేరున్న మనిషి. ఒకనాడు నా తల చూసి, "గట్ల గుంజితే ఎంటికల ఏర్లుంటయా అక్కా, జర ఇడిసిపెట్టు" అన్నది. అవ్వ నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేదు, మొండితనంలో అవ్వకంటే రెండాకులు ఎక్కువే చదివినదాన్ని. మర్నాడు దువ్వెన లాక్కుని, వదులుగా ఒంటి జడ వేసుకుని పోయాను. ఇంట్లో వీపు మీద రెండు పడ్డాయి, బళ్ళో రెండు జడలు లేవని బెంచీ ఎక్కించారు. తెల్లారి మళ్ళీ అదే జడ. అవ్వ మాట్లాడటం మానేసింది, అన్నం కంచం ముందుకు తోసేది, అంతే.

నాలుగో నాడు ఆమెకే ఓర్పు తప్పింది. "జడ ఢీలగుంటే తల్లిలేని పిల్ల అంటరే, నన్నన్నరు" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవ్వ చిన్ననాడే తల్లిని పోగొట్టుకున్నదని తెలుసు గాని, చింపిరి తలతో తిరిగిన ఆ పిల్లను వాడంతా ఏమని పిలిచిందో నాకు అప్పటిదాకా తెలియదు. నాకూ ఏడుపొచ్చింది, దువ్వెన మాత్రం ఇవ్వలేదు.

"నువ్వుండంగ నన్నెవలంటరు అవ్వా" అన్నాను.

కళ్ళు తుడుచుకుని తానే నా జడ విప్పి మళ్ళీ అల్లింది. వదులుగా వేయడం ఆమెకు చేతకాక రెండుసార్లు జారిపోయింది. ఏడాది తిరిగేసరికి నా కణతల మీద నూగు మొదలై, మెల్లగా జుట్టు నిలిచింది. అవ్వ కూడా కొప్పు వదులు చేసుకుంది గాని, ఆమెకు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఆడపిల్లలు జుట్టు విరబోసుకుని బజారంతా తిరిగినా తల్లి లేదా అని అడిగేవాళ్ళు లేరు, ఆ మాట పోవడం మంచిదే. అవ్వ పోయి ఇన్నేళ్ళయినా, పొద్దున్నే నా నాలుగు తెల్ల వెంట్రుకలు వదులుగా ముడేసుకుంటున్నప్పుడు మాత్రం, ఒక్కసారి వెనకనుంచి నా తల గట్టిగా గుంజే చేతులుంటే బాగుండునని అనిపిస్తుంది.