చివరి మంచం

బుల్లి సిస్టర్‌కి భయం కొత్త కాదు. భయపడని నర్సును నమ్మొద్దని కొత్తగా చేరిన పిల్లలకి ఆవిడే చెప్పేది. ఇరవై ఏళ్ళకు పైగా ఐసీయూలోనే పని. పొట్టి మనిషి కాబట్టి ఆ పేరు పడిపోయింది, అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. మెషిన్లు ఎంత గోలచేసినా ఆవిడ చూసేది రోగి మొహమే. మొహంలో తేడా కనిపిస్తే మెషిన్ కంటే ముందే మంచం దగ్గరుండేది.

కానీ ఈ వారం పట్టుకున్న భయం వేరు. ఇది ఎవరికీ చెప్పుకోలేనిది.

కొత్త వార్డు కట్టేటప్పుడు నర్సుల మాట కూడా వినాలని పెద్దలు అనుకున్నారు, పుణ్యాత్ములు. ఇటుక పేర్చకముందే వార్డంతా కంప్యూటర్లో కట్టేశారు. ఆర్కిటెక్టు తాడిచెట్టంత మనిషి. ఆ కంప్యూటర్ వార్డుని నిజంలా కళ్ళముందు చూపించే కళ్ళజోడు డబ్బా ఒకటి తాను పెట్టుకున్నది తీసి ఆవిడ తలకి తగిలించి, కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇదే మీ కౌంటర్, సిస్టర్. మంచాలన్నీ కనబడుతున్నాయా?"

ఎనిమిది మంచాలూ, వాటి మీద తలగడలతో సహా కనబడ్డాయి. "బ్రహ్మాండంగా ఉందండీ!" అంది. డాక్టర్లు, ఇంజినీర్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల సంగతి ఇంట్లో వారం రోజులు చెప్పి టైలరు మొగుడి చెవులకి చిల్లులు పొడిచింది.

వార్డు తెరిచిన రోజు కౌంటర్ వెనక కూర్చుంది. కౌంటర్ ముందు నిలబెట్టిన రాతిపలక అంచు సరిగ్గా కళ్ళకి అడ్డం. మెడ సాచితే ఏడు మంచాలు. ఎనిమిదోది, ఆ మూలది, సెలైన్ స్టాండు తప్ప ఏమీ కనబడదు. కుర్చీ ఎంత లేపినా అంతే. అందరి ముందూ బ్రహ్మాండం అన్న నోటితో ఇప్పుడు బాలేదని ఎలా చెబుతుంది?

"రెండు దిండ్లు వేసుకో," అన్నాడు మొగుడు.

ఆవిడకి నవ్వు రాలేదు. మర్నాటినుంచి డ్యూటీ అంతా నిలబడే చేసింది. అన్నం కూడా నిలబడే తింది.

అయినా ఒక మధ్యాహ్నం మందుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించడానికి కూర్చోక తప్పలేదు. తలెత్తేసరికి మూలన సెలైన్ స్టాండు ఊగుతోంది. పరిగెత్తింది. ఎనిమిదో మంచం పెద్దాయన ఆక్సిజన్ మాస్కు పీకేసి, ఒక కాలు కమ్మీ మీదుగా కిందికి వేలాడేశాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆవిడ ఆయన్ని రెండు చేతులా పట్టుకున్నాక గానీ మెషిన్ నోరు తెరవలేదు.

మాస్కు పెట్టి, కాసేపటికి పెదాలు రంగు తిరిగాక, "దాహమేసిందమ్మా," అన్నాడాయన చిన్నపిల్లాడిలా. ఆవిడకి ఏడుపొచ్చింది. నీళ్ళు పట్టించి, ఆర్కిటెక్టుకి ఫోన్ చేసింది. ఏమనుకుంటే అనుకోనీ అనుకుంది.

ఆ సాయంత్రమే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, "అన్నీ కనబడుతున్నాయే సిస్టర్!" అన్నాడు.

"నాకు కనబడటం లేదండీ," అంటూ ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

అతను ఆవిడ తలవైపు చూశాడు, రాతిపలకవైపు చూశాడు.

"ఆ రోజు ఆ కళ్ళజోడు డబ్బాని నా ఎత్తుకి సరిచేసి చూశాను. మీకిచ్చే ముందు మార్చడం మర్చిపోయాను సిస్టర్. మీకు కనబడింది నా కళ్ళ ఎత్తునుంచి. తప్పు నాది. రేపే ఈ పలక కోయించేస్తా."

హమ్మయ్య అనుకుంది. వారం రోజుల బరువు దిగినట్టయింది. అతను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకోటి చెప్పాలి... మీరు బావుందన్నారని, ఇవే కొలతలతో ఇంకో మూడు ఆసుపత్రుల్లో కట్టేశాం."

ఆవిడ కుర్చీ అతనివైపు తిప్పింది.

"అక్కడ... పేషెంట్లు చేరారా?"

"చేరారు."

"ముందు ఫోన్ కలపండి."

మొదటి ఆసుపత్రిలో ఎవరో కుర్ర నర్సు గొంతు పలికింది.

"నేనూ నర్సునేనమ్మా. కౌంటర్ దగ్గరే కూర్చున్నావా?"

"ఆఁ, కూర్చునే ఉన్నానండీ. ఏం కావాలి?"

"చివరి మంచంలో మనిషి ఎలా ఉన్నారు?"

"ఒక్క నిమిషం," అంది ఆ పిల్ల. "లేచి చూసి చెప్తాను."