శ్రీలంక చిమ్మట

బీరువా తెరవగానే కలరా ఉండల వాసన వచ్చిందంటే, నాకు హన్మకొండ కాలేజీ జువాలజీ ల్యాబ్, అక్కడ భూతద్దం మీద వంగిన సరోజన మేడమ్ గుర్తొస్తారు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. సెలవు దొరికితే చాలు, చుట్టుపక్కల ఊళ్లు తిరిగి చిమ్మటలను పట్టి, గాజు మూత పెట్టెల్లో సూదులతో గుచ్చి, కలరా ఉండలు వేసి భద్రపరిచేవారు. దీపాల చుట్టూ తిరిగే పురుగుల కోసం ఇంత శ్రమ ఏమిటని తోటి లెక్చరర్లు నవ్వేవారు.

నేను ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగా, మడికొండలో కొత్తగా కడుతున్న ఇంటి గోడ మీద ఆమెకు ఒక బూడిద రంగు చిమ్మట దొరికింది. శ్రీలంకలో తప్ప మరెక్కడా లేదని, అక్కడ కూడా అరుదేనని పుస్తకాలు చెప్పే జాతి అది అనుకున్నారు. "ఇరవయేండ్ల సంది తిరుగుతాన పిల్లా, ఇగ దొరికింది," అన్నారు. ప్రిన్సిపాల్ సెమినార్ పెట్టించి విలేకరులను పిలిచారు.

ఆ చిమ్మట బొమ్మలు గీసే పని నాది. సెమినార్‌కు ముందు రోజు వెనుక రెక్క గీస్తూ ఆగిపోయాను. శ్రీలంక జాతికి ఉండాల్సిన నల్లగీత దీనికి లేదు. రెక్క మీది పొడి రాలి గీత పోయిందేమోనని సర్దిచెప్పుకున్నాను. చివరికి వెళ్లి, "మేడమ్, జర ఒక్కసారి చూస్తరా?" అన్నాను.

ఆమె చాలాసేపు చూశారు. రెండో రెక్క కూడా చూశారు. "ఇది మన దగ్గర దొరికే మామూలుదే," అన్నారు మెల్లగా.

"ఎవ్వరికీ తెల్వదు మేడమ్. నేను చెప్పను," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"నాకు తెలుసు గద బిడ్డా."

సెమినార్ రద్దు చేయమని ఆమె అడగలేదు. నిండిన హాల్లో నిలబడి, "తప్పు నాదే. దొరకాలె, దొరకాలె అనుకుంట లేని గీతను చూసిన. ఉన్నది ఉన్నట్టు చూసింది ఈ పిల్ల," అని నన్ను చూపించారు. వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. విలేకరులు చాయ్ తాగి వెళ్లిపోయారు. సాయంత్రం ఆమె ఒక్కరే కూర్చుని, పెట్టె మీది చీటీ గీకేసి మామూలు పేరు రాసి అతికించారు. అప్పుడు మాత్రం కళ్లు తుడుచుకున్నారు.

ఆమె పోయి మూడేళ్లయింది. శ్రీలంక చిమ్మటను ఆమె ఎన్నడూ చూడనేలేదు.

నేనిప్పుడు ఒక చిన్న ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. మొన్న ఒక రిపోర్టు పంపేశాక అనుమానం వచ్చి స్లైడు మళ్లీ చూశాను. తప్పు నాదే. "చెప్తే మన పేరు పోతది," అన్నాడు ఓనర్. అయినా ఆ పేషెంటుకు ఫోన్ చేసి, "అన్నా, నేను పొరపడ్డ. మల్లొక్కసారి రక్తం ఇయ్యాలె," అన్నాను. అవతలి మనిషి చాలాసేపు తిట్టాడు. ఫోన్ పెట్టేయకుండా అంతా విన్నాను.