ముందుగా లేచేదెవరు

తిరుపతిలో ఇళ్ళ గోడలకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి చెప్పే ఆయన ఒకరుండేవారు. ఏ ఇంటికి వెళ్ళినా గోడ చూడకముందే, "ఈ ఇంట్లో ముందుగా లేసేదెవురు?" అని అడిగేవారు. చెమ్మకూ నిద్రకూ ఏం సంబంధమో నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

ఒకసారి ఆయన్ని మా పక్కింటికి తీసుకెళ్ళాను. పడగ్గది గోడంతా నల్లబూజు. అక్కడ పడుకునే చిన్నపిల్లవాడికి ఎన్ని మందులు వాడినా ఆయాసం తగ్గడం లేదు. ఆయన మామూలు ప్రశ్నే అడిగారు.

"నేనే నాయనా. మా కోడలు లేసేసరికి నా పనంతా అయిపోయుంటాది" అంది పిల్లవాడి నాయనమ్మ, కోడలికి వినబడేలా.

"లేసి ఏం జేస్తావు మా?"

"తులసమ్మకు నీళ్ళు పోసి మొక్కుకుంటా. బిడ్డకు ఆయాసం మొదలైనప్పట్నుంచి బిందెడు పోస్తా ఉండా."

పెరట్లోకి వెళ్ళి చూశాం. తులసికోటను పడగ్గది గోడకే ఆనించి కట్టారు. కోట అడుగున గోడ పగిలి ఉంది. ఇంట్లో తొలి నీళ్ళు ముందు లేచినవాళ్ళ చేతి మీదుగానే పడతాయని నాకు అప్పుడు తోచింది.

"తులసమ్మకు ఈడ ఎండ సాలదు మా. అవతలికి జరిపి కట్టించండి" అన్నారాయన.

పెద్దావిడ ఆ పగులు వంకే చూసింది. "బిడ్డకు ఇట్లయింది నా నీళ్ళతోనేనా నాయనా?"

"కాదు మా. గోడలో పైపు పగిలుండాది."

ఆ గోడలో పైపే లేదని నాకు తెలుసు. కోడలికీ తెలుసు. ఆమె లోపలికి వెళ్ళి అత్తకు కాఫీ కలిపి తెచ్చింది.