ఉడతల చలివేంద్రం

అద్దంకి చుట్టుపక్కల మిరప చేలల్లో డ్రిప్పు పైపు తెగితే కోటేశ్వరికి ఫోను వెళ్తుంది. ఆమె చదివింది ఏడో తరగతి. ఒకసారి తమ చేలో పైపులు పూడుకుపోయి, బాగుచేసే మనిషి వారమైనా రాకపోతే, ఒక ముక్క కోసి నిలువునా చీల్చి, నీటిచుక్క ఏ దారిన వస్తుందో చూసి పని నేర్చుకుంది. చేతిలో బ్లేడు, సంచిలో తెగిన పైపులు అతికే జాయినర్లు. పని అయ్యేదాకా పెద్దగా మాట్లాడదు.

మొన్న జనవరిలో బుల్లయ్య చేలో మాత్రం నవ్వు ఆపుకోలేక పని మొదలెట్టకముందే నోరు విప్పింది.

బుల్లయ్యది రెండెకరాల మిరప. బోరు రోజుకు గంట పోసి గాలి కక్కుతుంది. ఆ గంటలోనే చివరి సాలు దాకా నీరందాలి. అందడం లేదు. ఉడతలు కొరికిన చోటల్లా నీళ్లు చిమ్మిపోయి, చివరి ఆరు సాళ్లు పూత రాలుస్తున్నాయి. బుల్లయ్య బాగా ఆలోచించి పైపుల మీద కారం చల్లాడు. అప్పుడే గాలి లేచింది.

కోటేశ్వరి వెళ్లేసరికి బుల్లయ్య తుమ్ముతున్నాడు, భార్య బసవమ్మ తుమ్ముతోంది, గట్టున గేదె తుమ్ముతోంది. ఉడత ఒక్కటే పైపు మీద కూర్చుని నింపాదిగా కొరుకుతోంది.

"ఏంది బాబాయ్, ఊరగాయ పెడుతున్నావా?"

"నవ్వమాకే! వాటికి... హాఛ్!... బుద్ధి రావాలని!"

"వాటికీ రాలా, నీకూ రాలా," అంది బసవమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "మిరపచేలో పుట్టిన ఉడతలు కారానికి జడుస్తాయా? ఏడాది కారమంతా తెచ్చి పోశాడమ్మా!"

కోటేశ్వరి సాళ్ల వెంట గొంతుక్కూర్చుని ఇరవైమూడు అతుకులు వేసింది. కాట్లన్నీ చెట్ల నీడ ఉన్న గట్టువైపే. ఉడతలకు కావలసింది పైపు కాదు, లోపలి నీళ్లు. నాలుగు కొబ్బరిచిప్పలు తెప్పించి, గట్టు పక్కన పైపులోంచి చుక్క పడేచోట ఒక్కోటి పాతింది.

"బోరెండి నేనేడుస్తుంటే ఉడతలకు చలివేంద్రమా? రేపు మజ్జిగ కూడా పొయ్యమంటావు!"

"నాలుగు చిప్పలు బాబాయ్. కాట్లలోంచి పోయేది డ్రమ్ములు."

మూడోరోజుకు కొత్త కాటు ఒక్కటే. దాన్ని అతికి మోటారు వేయించింది. బుల్లయ్య చివరి సాలులో బోర్లా పడుకుని, ముక్కు మట్టికి ఆనించి చూస్తున్నాడు.

"చుక్క పడింది! బసవా, పడిందే! ఇంకోటి! ఓయబ్బో, ఇంకోటి!"

కొంతసేపటికి కోటేశ్వరి మొక్క మొదట్లో వేలు గుచ్చింది. వేరు దాకా తడి దిగింది.

"ఇక కట్టేయ్ బాబాయ్."

"ఇంకా పోస్తోందిగా!"

"పోస్తోంది కాబట్టే కట్టేయమంటున్నా. రేపటికి ఉండనీ."

బుల్లయ్య స్టార్టరు దగ్గరికి వెళ్లి, ఎర్ర మీట మీద వేలుపెట్టి వెనక్కి చూశాడు.

"నొక్కవయ్యా, కరవదు!" అని అరిచింది బసవమ్మ.

నొక్కాడు. బోరులో నీళ్లుండగా తన చేత్తో మోటారు ఆపడం ఆయనకదే మొదటిసారి. పంచె ఎగగట్టి, నవ్వుకుంటూ, చేలకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు.

"ఆపానే! నేనే ఆపా!"