వంతెన ఎంత ఎత్తు

ఊళ్లో అందరూ ఆమెను ఎందుకమ్మ అనే పిలిచేవారు. ఆమె తండ్రి కాలవ మీద లాకు నడిపేవాడు. కింది నీటిలోంచి వచ్చిన పడవను రెండు జతల తలుపుల మధ్య నిలిపి, నీళ్లు నింపి, పై నీటికి ఎక్కించేసరికి అరగంట పట్టేది. తండ్రి చక్రం తిప్పుతుంటే, కూతురు గట్టున కూర్చుని పడవవాళ్ల ప్రాణం తీసేది. పడవలో పిల్లి ఎందుకు? బియ్యం కోసం వచ్చే ఎలకల కోసమని చెబితే, మరి ఇటుకల పడవలో ఎందుకని అడిగేది.

ఆ ఊరు పుట్టిందే ఆ అరగంట వల్ల. పడవలు వరసలో ఆగాలి. ఆగినవాళ్లకి టీ కావాలి, గడ్డం గీసేవాడు కావాలి, తెగిన తాడుకి బదులు తాడు కావాలి. ఆమె మేనమామ తాళ్లు పేనే పని పెట్టాడు. ఆమెకు ఊహ తెలిసేనాటికి పదకొండు ఇళ్లు. పెళ్లయ్యేనాటికి వందకి పైమాటే. టీకొట్టు హోటలైంది, హోటలుకి మేడ లేచింది. అద్దెకు గది దొరకాలంటే తలప్రాణం తోకకొచ్చేది.

అవతలి గట్టుకు బల్లకట్టు తప్ప దారి లేదు. వంతెన కోసం ఊరు ఊరంతా ఏళ్లపాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి వచ్చింది. రెండేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని ఆమె కూడా దాని మీద నడిచింది. నడిచిందే గాని, కిందికి తొంగిచూడలేదు.

తండ్రి పోయాక లాకు పని ఆమెకిచ్చారు. రోజుకి ఇరవై పడవలు వచ్చే చోట అప్పటికే అయిదు. మరో మూడేళ్లకి వారానికి రెండు. హోటలు మేడ మీద పావురాలు చేరాయి. లారీలు పడవల్ని మింగేశాయన్నారంతా.

ఆమెకది మింగుడుపడలేదు. వారంపాటు గుమ్మంలో కూర్చుని లారీలు చూసింది. రోజుకి నాలుగు. ఆ సరుకు ఒక్క పెద్ద పడవకు కూడా చాలదు. మరి మిగతాదంతా ఏమైనట్టు? ఆ వారం పడవ నడుపుకుంటూ వచ్చిన ముసలి సరంగును నిలదీసింది.

“ఉత్తరం కాలవలో తిరుగుతున్నాం,” అన్నాడతను. “గడ్డి పడవే కాదు, సరుకు ఎత్తుగా వేసిన ఏ పడవా మీ వంతెన కింద పట్టదమ్మా. నాది ఖాళీది కాబట్టి వచ్చాను.”

మర్నాడు ఆమె గడకర్ర పుచ్చుకుని వంతెన కిందికి దిగింది. నీటి నుంచి దూలానికి ఏడడుగులు. పట్నంలో ఇంజినీరు ఆఫీసుకెళ్లి పాత కాగితాలు అడిగింది. గుమాస్తా మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి ఆమె ప్రశ్నలు భరించలేక కట్ట విప్పాడు. మొదటి నక్షాలో వంతెన పదహారడుగులు. తగ్గించమని ఊరివాళ్లు పెట్టిన అర్జీ దాని వెనకే ఉంది. మొదటి సంతకం తండ్రిది, రెండోది మేనమామది.

“ఎత్తు కడితే రోడ్డు వాలు మన కొట్ల మీదికొస్తుందన్నారే,” అన్నాడు మేనమామ, ఊరికి తిరిగొచ్చి అడిగితే. “కొట్లు పడగొట్టాలన్నారు. అందుకని పెట్టాం.”

“పడవల సంగతి ఎవరూ అడగలేదా మామయ్యా?”

ఆయన పేనుతున్న పోగు వదల్లేదు. “అడిగేదానివి నువ్వొక్కదానివేగా. ఆ నెల కాన్పుకి ఆస్పత్రిలో ఉన్నావు.”

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. తండ్రి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, కుదరలేదు. ముప్పయ్యేళ్లు చక్రం తిప్పిన మనిషి ఆ సంతకం ఎలా పెట్టాడో మాత్రం అంతుపట్టలేదు. బతికుంటే అడిగేది.

ఆ ఏడాది చివర్లో లాకు మూసేశారు. ఇళ్లు ఇరవైకి తగ్గాయి. పని పోయిన మొదటి సోమవారం ఆమె బస్సెక్కి ఉత్తరం కాలవ చూడబోయింది. అక్కడి లాకు దగ్గర పడవలు బారులు తీరాయి. కొత్త కొట్లు, ఇంకా సున్నం ఆరని గోడలు. ఒక టీకొట్టులో నలుగురు కూర్చుని వంతెన కోసం అర్జీ రాస్తున్నారు. ఆమె టీ గ్లాసుతో వెళ్లి వాళ్ల బల్ల దగ్గరే కూర్చుంది.

“ఎంత ఎత్తు అడుగుతున్నారు బాబూ?”

“అదంతా ఇంజినీర్లు చూసుకుంటారమ్మా.”

“గడ్డి పడవ కొలిచారా?”

రాస్తున్నాయన కలం పక్కన పెట్టి టేపు కోసం లేచాడు. సాయంత్రం బస్సు టైమయ్యేదాకా ఆమె గట్టు మీదే ఉంది, పడవ పడవకీ టేపు ఒక కొస పట్టుకుని. అర్జీలో పధ్నాలుగడుగులని రాశారు. పైవాళ్లు పన్నెండే ఇచ్చారని తర్వాత తెలిసింది. గడ్డి కాస్త తగ్గించి వేసుకుంటే పడుతుందట.