పెద్ద హాలు, ఎడమ చెవి

మా మేనత్త కొడుకు నా మీద చెయ్యెత్తడం అది రెండోసారి. మొదటిసారి స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ గ్రౌండ్‌లో, మాకు పదకొండేళ్లప్పుడు. ఔటని నేను, కాదని వాడు. బ్యాటు తిప్పి ఎడమ చెవి మీద ఒక్కటిచ్చాడు. చొక్కా నిండా రక్తం. ఇంట్లో సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను, వాళ్ల నాన్న వాణ్ణి చంపేస్తాడని భయపడి. ఆనాటి నుంచి ఆ చెవికి సన్నటి శబ్దాలు అందవు. వాడికీ చెప్పలేదు. సౌండ్ మిక్సింగ్‌లోకి వచ్చాక అసలు ఎవరికీ చెప్పలేదు. చెవిటివాడికి ఎవడిస్తాడండీ ఈ పని?

వాడు సంగీతం రాస్తాడు. ఉక్కు కొలిమి గురించి డెబ్బైమంది ఆర్కెస్ట్రాకి రాసిన మొదటి పెద్ద రచనని మిక్స్ చెయ్యమని నాకే అప్పగించాడు. చుట్టూరా, నెత్తిమీదా స్పీకర్లు పెట్టుకుని వినే రకం మిక్స్. పెందుర్తిలో నా గదికి అన్ని స్పీకర్లు ఎక్కణ్నుంచి వస్తాయి? అందుకే హెడ్‌ఫోన్లు. మన చుట్టూ ఒక గది ఉన్నట్టు భ్రమ పుట్టించే సాఫ్ట్‌వేర్ ఉంది. చిన్న స్టూడియో కావాలంటే చిన్న స్టూడియో, పెద్ద హాలు కావాలంటే పెద్ద హాలు.

చిన్న స్టూడియో పెడితే ఎడమవైపు వయొలిన్లు చచ్చిపోయేవి. ఛీ, దిక్కుమాలిన గది అని తిట్టుకున్నాను. పెద్ద హాల్లో అవే గోడలకు కొట్టుకుని నా కుడి చెవికీ వచ్చేవి. ప్రాణం లేచొచ్చింది. నెల రోజులు ఆ హాల్లోనే కూర్చున్నాను. అయినా చాలవనిపించి వయొలిన్లు ఇంకాస్త, ఇంకాస్త పెంచాను. హాలు ప్రతిధ్వని ఎలాగూ వినిపిస్తోంది కదాని నేను కలపాల్సిన ప్రతిధ్వని తగ్గించేశాను. ఆ హాలు నా హెడ్‌ఫోన్లలోనే ఉంటుందని, ఫైలుతో పాటు పోదని నాకు తెలీదా? తెలుసు. తెలియనట్టు నటించాను, అంతే.

మిక్స్ పంపాల్సిన రోజు మధ్యాహ్నం వాడు తలుపు తన్నుకుంటూ వచ్చాడు. నా ఫైలుని సిటీలో ఓ స్టూడియోలో స్పీకర్ల మీద విని వస్తున్నాడు.

"ఏటి సేసినావ్ బావా? వయొలిన్లు సెవిలో మేకులు దిగ్గొడతన్నాయి! మిగతాదంతా ఎండు సేపలాగున్నాది!"

"నీ సెవులే బాగోలేవు," అన్నాను.

కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాడు. మోకాలితో వాడి పొట్టలో పొడిచాను. కుర్చీ విరిగింది. టీ గ్లాసు పగిలి నా అరికాల్లో దిగింది. నేల మీద దొర్లాం. వాడి పెదవి చిట్లింది. చివరికి నా గుండెల మీద కూర్చుని, టేబుల్ మీది హెడ్‌ఫోన్లు లాగి నా తలకు తగిలించాడు. ఆ కోపంలో తిరగేసి పెట్టాడు, ఎడమది కుడికి.

"ఇనరా! ఇను!" అంటూ చెయ్యి చాపి కీబోర్డు మీద గుద్దాడు.

వయొలిన్లు నా మంచి చెవిలోకి దిగాయి. కెవ్వుమని అరిచి హెడ్‌ఫోన్లు పీకేశాను. నెల రోజులు నేను ముద్దు చేసి పెంచిన వయొలిన్లే అవి.

వాడి పిడికిలి గాల్లో ఆగింది. "నిన్నటి దాకా బాగున్నాదన్నావ్ గదరా. తిరగేత్తే అరుస్తావేటి?"

సిగ్గు లేకుండా ఏడ్చాను. "ఎడమ సెవి పని సెయ్యదు. నువ్వే కొట్టినావ్ బావా, బ్యాటుతో."

వాడు నా మీంచి లేచాడు. "ఇన్నేళ్లు సెప్పలేదేటిరా?"

"సెప్తే ఈ పని నాకిత్తువా?"

వాడు కంప్యూటర్ వైపు తిరిగాడు. నిలబడే సాఫ్ట్‌వేర్‌లో చిన్న స్టూడియో పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని వయొలిన్లు తగ్గిస్తూ పోయాడు. తర్వాత నా తలకు పెట్టాడు, ఈసారి సరిగ్గా, ఎడమవైపు మెల్లిగా.

"వయొలిన్లు ఇనబడతన్నాయా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు బావా."

"అయితే సరిగ్గానే ఉన్నాయిరా," అన్నాడు.