నాన్న స్పీడ్ బ్రేకర్

ఊళ్లలో పెద్దమనుషుల పేరు మీద బస్టాపులుంటాయి, బడి గదులుంటాయి, నీళ్ల ట్యాంకులుంటాయి. మా నాన్న పేరు మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఉండేది. చండ్రుగొండ దాటి దమ్మపేట వైపు పోతుంటే, పామాయిల్ తోటల మధ్య మా ఊరి మొదట్లో, మా ఇంటికి వంద గజాల ఇవతల. సర్కారు కాగితాల్లో దాని ఊసే లేదు. ఆటోవాళ్లు మాత్రం నాన్న పేరు చెప్పి, ఆయన బ్రేకర్ దగ్గర దిగుతారా అని అడిగేవాళ్లు.

దాని పుట్టుక ఇదీ. ఒక ఆదివారం చర్చి నుంచి మోపెడ్ మీద వస్తున్న నాన్నను జామాయిల్ కట్టెల లారీ కొట్టింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఆయన్ని ఖమ్మం దవాఖానాకు పంపించి ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. రోడ్డవతల తోట ఆసామి, తాతల నాడే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, తన ట్రాక్టర్‌తోనే మొరం, రాళ్లు తెప్పించి పోయించాడు. పొద్దుగూకే లోపు రోడ్డుకు అడ్డంగా జానెడున్నర దిబ్బ లేచింది. నెల తిరిగాక కాల్లో రాడ్లతో నాన్న ఇంటికొస్తుంటే, ఆటో సరిగ్గా ఆ దిబ్బ ఎక్కి దబ్బున దిగింది.

"ఎవడ్రా రోడ్డు మీద గిట్ల దిబ్బ పెట్టింది!" అని నాన్న కేక పెట్టాడు.

"నీ కోసమే పెట్టినం మామా," అన్నాడు ఆటో డ్రైవరు.

అలా తన బ్రేకర్‌కు తొలి బాధితుడు తనే అయ్యాడు. కానీ కాస్త లేచి తిరగగానే దాన్ని సొంతం చేసుకున్నాడు. నాన్న తాపీ మేస్త్రీ. వంగని కాలితో పరంజా ఎక్కలేడు, కింద కూర్చోలేడు. ఉన్న పనితనమంతా ఆ దిబ్బ మీద పెట్టాడు. దగ్గరుండి సిమెంటు పోయించి, అంచులు నునుపు తీయించి, ఏటా క్రిస్మస్ ముందు ఇంటితో పాటు దానికీ సున్నం వేయించేవాడు. పొద్దున తొమ్మిదింటికల్లా దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బండి దిబ్బ ఎక్కి దిగే లోపు రెండు ప్రశ్నలకు టైముంటుందని ఆయన లెక్క. ఒకటి, "యాడికి?" రెండు, "తిన్నవా?" అడవి పల్లెల నుంచి సంతకు పోయే కోయ ఆడవాళ్లనూ, పాల వ్యానునూ, పెళ్లి కారులో పెళ్లికొడుకునూ ఇవే అడిగాడు. ఒకసారి అంబులెన్స్ డ్రైవర్ని కూడా అడిగాడు. అమ్మ రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. ఖానాపురం హవేలిలో కిరాయికి ఉంటాను. ఆదివారాలు ఊరికి పోతాను. నిజం చెప్పాలంటే, ఆ బ్రేకర్ అంటే నాకు సిగ్గుగా ఉండేది. తోటి టీచర్ ఎవరైనా మీ నాన్నగారు ఏం చేస్తుంటారని అడిగితే, రిటైరయ్యారని చెప్పి మాట మార్చేవాణ్ణి.

ఇలా ఉండగా సైకిల్ పందెం వచ్చి పడింది. ఖమ్మంలో మొదలై భద్రాచలం దాకా, ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్లో తొక్కుతారట. కొత్తగూడెం మీదుగా తిన్నగా పోయే రోడ్డుండగా మా ఊరి మీదుగా చుట్టు తిరగడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. దారి తెలియక కావచ్చని మావాళ్లు జాలిపడ్డారు. తోట ఆసామి అయితే తన గేటు దగ్గర, నేరుగా పోయే దారికి బాణం గుర్తు వేసి పెద్ద బోర్డు రాయించాడు. పోలీసులు వచ్చి పీకేశారు.

పందేనికి వారం ముందు రోడ్ల శాఖ ఇంజనీరు జీపులో దిగి బ్రేకర్‌ను టేపుతో కొలిచాడు. దిబ్బ పక్కనే కుర్చీలో నాన్న.

"పెద్దాయనా, ఇది తీసేయాలె. సైకిళ్లు మస్తు జోరుగ వస్తయి," అన్నాడు.

"జోరుగ వచ్చేటోళ్ల కోసమే గద సారూ పెట్టింది," అన్నాడు నాన్న.

ఇంజనీరు టేపు చుట్టేశాడు. పందెం అయిన రెండ్రోజులకు మళ్లీ వేయిస్తానన్నాడు. నాన్న రాసిమ్మన్నాడు. ఏమని రాయాలి? లేని బ్రేకర్ తీస్తున్నామని రాయలేడు కదా. చివరికి ఒట్టి మాట మీదే ఒప్పుకున్నాడు నాన్న, కానీ ఒక షరతు పెట్టాడు. తీసే ముందు పాస్టర్ గారు ప్రార్థన చేయాలి.

పాస్టర్ గారు ఇరుకున పడ్డారు. కొత్త ఇంటికి ప్రార్థన ఉంది, బోరు వేస్తే ఉంది, ట్రాక్టర్ కొంటే ఉంది. స్పీడ్ బ్రేకర్‌ను పెకలించడానికి ఏం ప్రార్థన చేస్తారు? ఆఖరికి దూర ప్రయాణం పోయేవాళ్ల కోసం చేసే ప్రార్థన చేశారు. జేసీబీ డ్రైవర్ టోపీ తీసి నిలబడ్డాడు. అందరూ ఆమెన్ అన్నాక ఇనప పన్ను దిగింది. గుమ్మడికాయంత పెళ్ల ఒకటి దొర్లుకుంటూ నాన్న కాళ్ల దగ్గరికొచ్చింది. సున్నం పూత ఇంకా దాని మీద తెల్లగానే ఉంది. నాన్న దాన్ని ఇంటికి మోయించుకొచ్చాడు. అమ్మ దాన్ని కోళ్లగూడు తలుపుకు అడ్డం పెట్టింది.

పందెం ఆదివారమే. బడి పిల్లలు జెండాలు పట్టుకుని ఏడింటి నుంచి నిలబడ్డారు. కుక్కల్ని కట్టేశారు, మేకల్ని తోలేశారు. పాస్టర్ గారు ప్రసంగం సగంలో ఆపేసి అందరికంటే ముందు రోడ్డు మీదికొచ్చారు. పదిన్నరకు సైరను వినిపించింది. పోలీసు జీపు, ఆ వెనక రంగురంగుల బట్టల్లో ఒక గుంపు. చప్పట్లు కొడదామని మేము చేతులెత్తే లోపు గుంపు దాటిపోయింది. నాన్న "యాడి..." దగ్గరే ఆగిపోయాడు. పిల్లలు జెండాలు ఊపడం మొదలుపెట్టే సరికి వాళ్ల ముందు నుంచి పోతున్నవి సైకిళ్ల వెనక సాయానికి వచ్చే ఖాళీ కార్లే. వాటి నెత్తిన మళ్లీ సైకిళ్లు.

"గన్ని కార్లున్నయి. పాపం, ఒక్కడన్న ఆ పోరగాళ్లను ఎక్కించుకుంటలేడు," అంది అమ్మ.

అయిపోయిందనుకుని జనం కదులుతుంటే ఇంకొకడు వచ్చాడు, ఒంటరిగా. సరిగ్గా బ్రేకర్ ఉన్న చోట అతని వెనక టైరు టప్పున పేలింది. జేసీబీ గీకిన చోట కంకర మొన తేలి ఉంది మరి. అతనికి సాయం రావలసిన కారు ఎక్కడో గొర్రెల మందలో ఇరుక్కుందట. సన్నగా, పొడుగ్గా, ముఖమంతా చెమటతో అతను రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. మా భాష రాదు.

నాన్న లేచి తన కుర్చీ ఇచ్చాడు. నేనెరిగి ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వలేదు. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. నాన్న అతని ముందు నిలబడి, "యాడికి బిడ్డా?" అన్నాడు. అతను చెయ్యి చాచి భద్రాచలం వైపు చూపించాడు. "తిన్నవా?" అన్నాడు నాన్న, చేతిని నోటి దగ్గరికి తీసుకెళ్లి. అతను వీపు వెనక జేబులోంచి సగం తిన్న అరటిపండు తీసి చూపించాడు. నాన్నకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇక ఆగలేదు. లారీ, రాడ్లు, మొరం, సిమెంటు, ఇంజనీరు, మొత్తం కథ చెప్పి, పంచె ఎత్తి మోకాలి కింది కుట్లు చూపించాడు. అతను శ్రద్ధగా చూశాడు. తరువాత తన మోచేతి మీది పాత మచ్చ చూపించాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. ఇంతలో కారు వచ్చింది, చక్రం మారింది, అతను పోయాడు.

"బ్రేకర్ ఉన్నన్నాళ్లు ఒక్కడి టైరు పేలలే," అన్నాడు నాన్న, పోతున్న కారు వైపు చూస్తూ.

రెండ్రోజులన్న ఇంజనీరు రాలేదు. ఫోన్ చేస్తే, కాగితాల్లో లేనిదాన్ని మళ్లీ ఎలా వేస్తామన్నాడు. తీసేటప్పుడు ఈ కాగితాలు గుర్తుకు రాలేదా అని నేను గట్టిగానే అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, మొదట్లో నాన్నకు ఏ లోటూ తెలియలేదు. అందరూ అలవాటుగా అక్కడికొచ్చి బ్రేకు నొక్కేవాళ్లు. బండి మీద వెనక కూర్చున్న ఆడవాళ్లు లేని దిబ్బ కోసం సీటు మీంచి కాస్త లేచేవాళ్లు. ఆటోలో జనమంతా ఒక్కసారిగా కమ్మీలు పట్టుకునేవాళ్లు. ఏమీ ఎగరకపోయేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. నాన్న పగలబడి నవ్వి, రెండు ప్రశ్నలూ అడిగేవాడు.

పదిహేను రోజులు గడిచేసరికి రోడ్డు సాపైందని జనానికి తెలిసిపోయింది. ముందు లారీలు ఆగడం మానాయి. తరువాత పాల వ్యాను, ఆటోలు. ఆఖరికి తోట ఆసామి కూడా. "ఏమనుకోకండి అన్నగారూ, కాలు దానంతటదే ఎక్సలేటర్ నొక్కేస్తోంది," అన్నాడట, అదీ చర్చి దగ్గర కలిసినప్పుడు. నాన్న మాత్రం పొద్దున తొమ్మిదింటికి కుర్చీ వేసుకోవడం మానలేదు. వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తుతాడట. అమ్మ ఫోన్లో చెప్పింది. వింటుంటే నాకు ఒళ్లు మండింది. ఒక్క నిమిషం ఆగితే వీళ్ల సొమ్మేం పోతుందని, ఊరివాళ్లందరినీ తిట్టుకుంటూ ఆ ఆదివారం బండి తీశాను.

ఇల్లు చేరాను. అమ్మ మంచినీళ్లిస్తూ, "నాన్న ఏడి? నీ బండెక్కలేదా?" అంది.

"నాకు కనబడలేదే," అన్నాను.

అమ్మ నా వైపు అదోలా చూసింది. కాసేపటికి కుర్చీ చంకలో పెట్టుకుని, కాలీడ్చుకుంటూ నాన్న వచ్చాడు. కోపంగా లేడు. ఉంటే బాగుండేది.

"చెయ్యెత్తిన బిడ్డా. జోరుల ఉన్నవ్," అన్నాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టాను. ఆసామిని అడిగితే మారు మాట లేకుండా ట్రాక్టర్‌తో మొరం పంపాడు. అమ్మ కోళ్లగూడు దగ్గరి పెళ్ల తెచ్చి అడుగున పెట్టమంది. నాన్న కుర్చీలో కూర్చుని పురమాయించాడు, నేను కలిపాను. లెక్కల టీచర్నై ఉండి ఇసుకా సిమెంటూ పాళ్లు తప్పానని మూడుసార్లు తిట్టాడు. అంచులు రెండుసార్లు గీకించి మళ్లీ తీయించాడు. నా చేతులు బొబ్బలెక్కాయి.

మూడోనాడు పొద్దున ముగ్గురం కలిసి తిన్నాం. నేను సంచి సర్దుకునే లోపు ఆయన తన చోటికి వెళ్లి కూర్చున్నాడు. నేను ఖమ్మం బయల్దేరి, నెమ్మదిగా కొత్త దిబ్బ ఎక్కాను.

"యాడికి?" అన్నాడు, చెయ్యెత్తి.

"ఖమ్మం."

"తిన్నవా?"

పావుగంట కింద నా పక్కన కూర్చుని, నా పళ్లెంలో రెండో దోసె తన చేత్తో వేసిన మనిషి.

"తిన్న నాన్నా," అన్నాను. బండి దిబ్బ దిగింది.